నౌబాద్‌లో తౌడుకు కొన్న బిడ్డ

విదేశీయుల సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యానని చెబితే చాలామంది ముందు నవ్వుతారు. "బీదరుల విదేశీయులెక్కడోళ్లయ్యా పెంటయ్యా, కిల్లా సూడనీకె వచ్చిన తెల్లోళ్లు తప్ప?" అంటారు. మైసూరు రాష్ట్రం రోజుల్లో నేనూ అలాగే నవ్వేవాణ్ణి. అప్పుడు జిల్లా పోలీసు ఆఫీసులో మా సెక్షన్ అంటే ఒక బల్ల, ఒక బీరువా, నేను. పాకిస్తాన్ వెళ్లిపోయినవాళ్లు అక్కచెల్లెళ్ల పెళ్లిళ్లకని వీసా మీద వస్తే వాళ్ల రాకపోకలు రాసుకోవడం, మిషన్ ఆస్పత్రి డాక్టరమ్మకు ఏడాదికోసారి అనుమతి పొడిగించడం, అంతే పని. మిగిలిన పొద్దంతా పక్క సెక్షన్లవాళ్లకు పాత ఉర్దూ కాగితాలు చదివిపెట్టేవాణ్ణి. కమఠాణలో నా చిన్నప్పటి బడి ఉర్దూ బడే.

రాష్ట్రం పేరు కర్ణాటక అయిన కొన్నేళ్లకు ఊరవతల ఒక ప్రైవేటు కాలేజీ వెలిసింది. సూడాన్ నుంచి, ఇరాన్ నుంచి, కెన్యా నుంచి విద్యార్థులు పెట్టెలు పట్టుకుని బస్టాండులో దిగడం మొదలుపెట్టారు. ఊరు ఊరంతా నోరెళ్లబెట్టింది. మా ఆఫీసూ అంతే. పాస్‌పోర్టు వివరాలు ఎలా రాసుకోవాలో నిబంధనలున్నాయి. కానీ వీళ్లు ఈ ఊళ్లో ఎక్కడుండాలి, ఎవరు ఇల్లివ్వాలి, జబ్బు చేస్తే ఎవరు చూడాలి, పెళ్లాం బిడ్డలు వస్తే ఏం చేయాలి అన్నదానికి పైనుంచి ఒక్క మాటా లేదు. ఆ పద్ధతులన్నీ మేమే తడుముకుంటూ కట్టుకున్నాం. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్ల సంగతి రాయను. రాయడానికి పెద్దగా లేదు కూడా.

ముందు కుర్చీ

నాకు పని నేర్పింది ఖాదర్ సాబ్ అనే హెడ్ క్లర్కు. నిజాం సర్కారులో చేరిన మనిషి, మడత నలగని షేర్వాణీ, నోట్లో ఎప్పుడూ లవంగం. నేను చేరిన కొత్తలో వీసా మీద వచ్చిన ఒక ముసలాయన్ని నిలబెట్టి ప్రశ్నలు వేస్తుంటే, ఆయన నన్ను పక్కకు పిలిచారు.

"పెంటయ్యా, ముందుగాల కుర్సీ ఎయ్యి, ఎనకసిరి పాస్‌పోర్టు అడుగు. నిలవడ్డోడు భయానికి అబద్దమాడ్తడు. కూసున్నోడు సగమన్న నిజం జెప్తడు."

నా సర్వీసు మొత్తంలో ఇంతకంటే పనికొచ్చే సర్క్యులర్ ఒక్కటీ చదవలేదు. మీరు ఎంత పెద్ద పరీక్ష పాసై వచ్చినా సరే, ఎదుటివాడికి కుర్చీ వేయించకుండా పని మొదలుపెట్టకండి.

ఖాదర్ సాబ్ రిటైరయ్యాక, సరిగ్గా విద్యార్థులు దిగుతున్న రోజుల్లో, మైసూరు వైపు నుంచి శివరుద్రయ్య అనే అధికారి వచ్చారు. చేయి తడపనివ్వని మనిషి. టీ కూడా ఇంటి ఫ్లాస్కులోదే. ఆయన గురించి ఇక్కడ కఠినంగా రాయబోతున్నాను గనక ఈ మాట ముందే చెబుతున్నాను. ఆయన కన్నడంలోనే మాట్లాడేవారు. ఇక్కడ ఆ మాటలను తెలుగులో పెడుతున్నాను.

ఆయన చేసిన మొదటి ఏర్పాటు ఇది: విదేశీ విద్యార్థులంతా ఊరి పక్కనున్న నౌబాద్‌లోనే ఉండాలి, వాళ్లకు ఇల్లిచ్చినవాళ్లు వారం వారం ఆఫీసుకొచ్చి కనబడాలి. కాగితం మీద చక్కగా ఉంది. ఆ మాట బయటకు పొక్కగానే నౌబాద్‌లో ఇళ్ల తలుపులు ధడేల్మని మూసుకున్నాయి. పిల్లలు ట్రంకు పెట్టెల మీద కూర్చుని ఉన్నారు. శివరుద్రయ్యగారికి ఏమీ అర్థం కాలేదు. ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లి ఒక ఇంటాయన్ని అడిగించాను.

"పోలీసోళ్లు వచ్చిపొయ్యే ఇంట్ల పిల్లనెవడిస్తడు సాబ్?" అన్నాడతను. "నాకు ముగ్గురు కొడుకులున్నరు. కిరాయి కోసరం ఆళ్ల లగ్గాలు చెడగొట్టుకుందునా?"

మా అధికారి ముఖం చూడాలి. అంతపెద్ద ఏర్పాటు పెళ్లి సంబంధాల దగ్గర కూలిపోతుందని ఆయన కలలో కూడా అనుకోలేదు. మర్నాడే మార్చేశారు. ఇంటివాళ్లు ఆఫీసుకు రానక్కర్లేదు, యూనిఫారం లేని గుమాస్తా, అంటే నేను, టీ వేళకు చుట్టపుచూపుగా వెళ్లి చూసి రావాలి. ఒప్పుకోవడం తెలిసిన మనిషే ఆయన. అందుకే తర్వాత జరిగింది నన్ను అంతగా విస్తుపోయేలా చేసింది.

మాణెమ్మ ఇల్లు

నౌబాద్‌లో మొదట తలుపు తెరిచింది మాణెమ్మ. వాళ్లది నిర్ణా అనే పల్లె. పొలం అన్నదమ్ముల పాలయ్యాక మొగుడూ పెళ్లాలు ఇటొచ్చి పిండి గిర్ని పెట్టుకున్నారు. పిల్లల్లేరు. వెనక రెండు గదులు కట్టి కిరాయికిచ్చేవాళ్లు. గొంతు పెద్దది, చేయి ఇంకా పెద్దది. నేను వెళితే చాలు, "కూసో తమ్మీ, నీ రాతకోతలు తర్వాత" అని రొట్టె చేతిలో పెట్టేది.

ఆ గదుల్లో సూడాన్ నుంచి వచ్చిన ఉస్మాన్ చేరాడు, తర్వాత అతని భార్య జైనబ్ వచ్చింది. ఉస్మాన్‌కు ఇంగ్లీషు వచ్చు. ఆ పిల్లకు అరబ్బీ తప్ప ఏమీ రాదు. రాత్రీ పగలూ మాణెమ్మ కొంగు పట్టుకుని తిరిగి, కొన్ని నెలలకు నౌబాద్ తెలుగు మాట్లాడడం మొదలుపెట్టింది. పొడి పొడి ముక్కలే, కానీ యాస అచ్చం మాణెమ్మదే. నేను నవ్వుతుంటే తనూ నవ్వేది. తమ దేశంలో ఆమెకు ఇద్దరు బిడ్డలు పుట్టి, ఇద్దరూ పాలు తాగుతుండగానే పోయారని ఉస్మాన్ చెప్పేదాకా నాకు తెలియదు. మూడోసారి నెల తప్పిందని కూడా అప్పుడే చెప్పాడు.

కాన్పు మాణెమ్మ ఇంట్లోనే, మంత్రసాని చేతుల మీద జరిగింది. మగపిల్లవాడు. నేను మిఠాయి కూడా తిని వచ్చాను. ఆ తర్వాత కొద్దిరోజులకే నౌబాద్ వైపు తిరిగే పోలీసు మా ఆఫీసులోకి రొప్పుతూ వచ్చాడు.

"సూడానోళ్లు పోరన్ని అమ్ముకున్నరు. మాణెమ్మ కొన్నది. నల్లకాడ ఆడోళ్లు కండ్లార సూశిండ్రంట."

శివరుద్రయ్యగారి చేతిలో టీ కప్పు అలాగే ఉండిపోయింది. చదువుకోవడానికి వచ్చినవాళ్లు కన్నబిడ్డను అమ్ముకోవడమా! మా ఊళ్లో, మేం చూసి మంచిదని రాసిన ఇంట్లో! ఆ పూట ఆఫీసులో ఎవరూ ఎవరి ముఖాలూ చూసుకోలేదు. అక్కడున్న ఏ ఒక్కరికీ అసలు సంగతి తట్టలేదంటే ఈనాటికీ నాకు ఆశ్చర్యమే. అందులో నేను పెంటయ్యను, మా అధికారి బండి నడిపే కానిస్టేబుల్ తిప్పణ్ణ!

అధికారి పంపితే నౌబాద్ వెళ్లాను. వాకిట్లో, గోడకు ఆనించి, కొత్త చాట ఒకటి ఉంది. దానికి పసుపు రాసి ఉంది. అడుగున కాస్త తౌడు అంటుకుని ఉంది. అది చూడగానే నాకు సంగతి అర్థమై అక్కడే అరుగు మీద కూర్చుండిపోయాను.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. మా వైపు పుట్టిన బిడ్డలు పుట్టినట్టే పోతుంటే, ఆ తర్వాతి బిడ్డను చాటలో వేసి పెంటకుప్ప మీద పెడతారు. ఇంకొకామె దారినపోతున్నట్టు వచ్చి "అమ్ముతవా?" అంటుంది. తల్లి "అమ్ముత" అంటుంది. ఆమె తల్లి ఒడిలో ఇంత తౌడు పోసి బిడ్డను ఎత్తుకుపోతుంది. ఇక ఆ బిడ్డ తల్లిది కాదు, పారేస్తే దొరికిన వస్తువు. కన్ను పడదు, మృత్యువు అడగదు. బిడ్డ తల్లి దగ్గరే పాలు తాగుతాడు, కానీ ఎవరడిగినా ఆమె "నాది కాదు, కొన్నామెది" అనాలి. నాకంటే ముందు ముగ్గురు పోయారట. నన్ను మా చిన్నమ్మ కొన్నది. మా అమ్మ చనిపోయేదాకా బయటివాళ్ల ముందు నన్ను "మా చెల్లె కొడుకు" అనే చెప్పింది. కన్నడంవాళ్లలోనూ ఉంది ఇది, వాళ్ల భాషలో తిప్పె అంటే పెంటకుప్పే. వాళ్ల తిప్పణ్ణ, మా పెంటయ్య, ఇద్దరూ అదే కుప్ప మీద నుంచి వచ్చినవాళ్లు.

మాణెమ్మ బయటకొచ్చి నన్ను చూసి గట్టిగా అంది: "అవ్ తమ్మీ, కొన్న. నువ్వు ఎర్గవా? నీ పేరే గది గదా! ఆ పిల్ల ఒక్క కునుకు తీస్తలేకుండె. పొద్దుమాపు పోరని ముక్కుకాడ చెయ్యివెట్టి సూసుకుంట కూసుంటుండె. కొన్నంక పండుకున్నది."

ఉస్మాన్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. అతనికి ఇది సగం ఇష్టం, సగం కష్టం. "నేను ఇవి నమ్మను," అన్నాడు ఇంగ్లీషులో. "కానీ నా భార్య చాలాకాలానికి నిద్రపోయింది. వద్దని ఎలా అనను?"

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. వెళ్లి ఒక మాట చెబితే అయిపోతుందిలే అనుకుంటూ ఆఫీసుకు బయల్దేరాను.

తెలిసే అన్న మాట

శివరుద్రయ్యగారికి మొత్తం చెప్పాను. నా పేరు చెప్పాను, తిప్పణ్ణ పేరు చెప్పాను. ఆయన అడ్డురాకుండా విన్నారు.

"నాకు తెలుసు," అన్నారు. "నువ్వు నౌబాద్ వెళ్లగానే గుర్తొచ్చింది. మా అక్క కొడుకు పేరు తిప్పేశి."

"మరింకేముంది సార్?"

"మనవాళ్లు చేస్తే ఆచారం. బయటి దేశంవాళ్లు చేస్తే నేనేమని రాయాలి? రేపు నిజంగానే బిడ్డను అమ్మినవాడు వచ్చి ఇదే ఆచారమంటే ఏమంటావు? ఫిర్యాదు పైదాకా వెళ్లింది. తల్లి వచ్చి, నా ఎదురుగా, 'ఈ బిడ్డ నాదే' అని నోటితో ఒక్కసారి అనాలి. అక్కడితో కేసు మూసేస్తాను. అనకపోతే అమ్మినట్టే. మొగుడూ పెళ్లాల్ని దేశం దాటించమని రాస్తాను, బిడ్డను సర్కారు అనాథ సదనంలో పెడతాను."

తెలియక అన్నవాడికి చెప్పొచ్చు. తెలిసే అన్నవాడికి ఏం చెబుతాం? పిల్లలూ, ఈ ఉద్యోగంలో చేరిన ప్రతివాడికీ ఇలాంటి రోజు ఒకటి వస్తుంది. ఆయన అడిగిన ప్రశ్న తప్పు ప్రశ్న కాదు. నిజంగా అమ్మేవాడు రేపు రావచ్చు. కానీ నిబంధన కోసం మనిషిని కొలవడం మొదలుపెడితే, ఎదురుగా ఉన్న మనిషి కనబడడం మానేస్తాడు. శివరుద్రయ్యగారికి ఆ పిల్ల కనబడలేదు, ఆమె వెనక రాబోయే దొంగ ఒక్కడే కనబడ్డాడు.

ఒక్క మాటే కదా అని మీరనుకోవచ్చు. నేనూ అదే అనుకుని జైనబ్ దగ్గరికి వెళ్లాను. ఉస్మాన్‌కు చదువు పూర్తికావస్తోంది, ఆఖరి పరీక్షలు ముందున్నాయి. అన్నీ చెప్పాను. ఆ ఒక్క మాట అనమని బతిమాలాను. బిడ్డ ఆమె ఒళ్లోనే పాలు తాగుతున్నాడు. ఆమె వాడి తల మీద కొంగు లాగి, నా ముఖంలోకి చూసింది.

"మొదటిది నాది అన్న. పోయింది," అంది. "రెండోది నాది అన్న. పోయింది. ఇది అమ్మది," అంటూ మాణెమ్మ వైపు చూపించింది.

ఇంకేం అడుగుతాం? ఉస్మాన్ గోడ వైపు తిరిగిపోయాడు. "నేను చెబుతాను, నా బిడ్డేనని నేను రాసిస్తాను" అన్నాడు. అది కూడా అధికారికి చెప్పి చూశాను. అమ్ముతానన్నది తల్లి కాబట్టి తల్లి నోటి నుంచే రావాలన్నారాయన.

మాణెమ్మ అంతా విని ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం నేను చూడడం అదే మొదలు. ఆ ఇంట్లో నన్ను భయపెట్టింది అదే.

బల్ల మీద చాట

అధికారి రమ్మన్న రోజున పొద్దున్నే ముగ్గురూ వచ్చారు. పురుడు గడవకముందే బాలింత గడప దాటకూడదని మాణెమ్మ పట్టుబట్టింది గానీ ఆఫీసు ఆగలేదు. జైనబ్ తలకు మాణెమ్మ ఉన్ని శాలువా చుట్టింది, చెవుల్లో దూది పెట్టింది. బిడ్డ మాణెమ్మ చేతుల్లో ఉన్నాడు. చంకలో ఆ పసుపు చాట. నేను అందరికీ కుర్చీలు వేయించాను. జైనబ్ అంచున కూర్చుంది.

శివరుద్రయ్యగారు యూనిఫారంలో ఉన్నారు. భుజానికి విజిల్ తాడు. కోపంగా అడగలేదు, నిజం చెప్పాలి. మెల్లగానే అడిగారు. నేను తెలుగులో చెప్పాను.

"అమ్మా, ఈ బిడ్డ నీదేనా?"

జైనబ్ పెదాలు కదిలాయి. మాట రాలేదు. నేను మళ్లీ అడిగాను. ఆమె మాణెమ్మ వైపు చూసింది, మొగుడి వైపు చూసింది, తర్వాత నేల చూసింది. అనబోతోందని నాకనిపించింది. అనలేక చచ్చిపోతుందేమోనని కూడా అనిపించింది.

"రాసుకో," అన్నారు శివరుద్రయ్యగారు నాతో. "తల్లి ఒప్పుకోలేదని."

కలం తీశాను. అప్పుడు మాణెమ్మ లేచింది. బల్ల దగ్గరికొచ్చి, ఆయన ముందున్న కాగితాల మీద చాట పెట్టి, అందులో బిడ్డను పడుకోబెట్టింది.

"సారూ, దీన్ని కొన్నదాన్ని నేను. గిప్పుడు అమ్ముకుంటున్న. నువ్వే కొను."

తిప్పణ్ణ తలుపు దగ్గర కొయ్యబారిపోయాడు. నా చేతిలో కలం జారి కింద పడింది.

"ఏమిటిది? తీయ్!" అన్నారాయన.

"ఎందుకు తియ్యాలె? సదనంల ఏస్తమంటిరి గదా, సర్కారు తీస్కపోతదంటిరి గదా. అయితె కొనుండ్రి. నాకు గూడ తౌడే సాలు. ఆ పిల్ల నోట మాత్రం గా మాట అనిపియ్యకుండ్రి. ఇద్దర్ని పోగొట్టుకున్నది గది."

బిడ్డ కాళ్లు తన్నుకున్నాడు. చాట కాగితాల మీద నుంచి జారి, బల్ల అంచున ఒరిగింది. మేమెవరం కదలకముందే శివరుద్రయ్యగారు రెండు చేతులా బిడ్డను అందుకున్నారు. చాట నేల మీద పడింది. ఆయన లేచి నిలబడ్డారు. బిడ్డ గుక్కపట్టాడు. చిన్న పిడికిలి ఆయన విజిల్ తాడు పట్టుకుంది, వదలడం లేదు. ఊపారు, భుజాన వేసుకున్నారు, మళ్లీ దించారు. ఆ గుక్క తిరగడం లేదు, బిడ్డ ముఖం నల్లబడుతోంది.

"పట్టుకో, తొందరగా తీసుకెళ్లి ఇచ్చేయ్!" అని తిప్పణ్ణకు బిడ్డను అందించారు.

తిప్పణ్ణ బిడ్డను అందుకున్నాడు గానీ అక్కడే ఆగిపోయాడు. పాపం, అతనికి నిజంగానే తెలియలేదు. "ఎవరికియ్యాలి సార్?" అన్నాడు.

"ఎవరికేంటయ్యా! తల్లికివ్వు!" అని జైనబ్ వైపు వేలు చూపి అరిచారాయన.

తిప్పణ్ణ తీసుకెళ్లి ఇచ్చాడు. జైనబ్ గబగబా శాలువా కప్పి బిడ్డను రొమ్ముకు అదుముకుంది. గుక్క తిరిగింది. గదిలో ఆ పాలు తాగే చప్పుడు తప్ప ఏమీ లేదు. తాను ఏమన్నారో శివరుద్రయ్యగారికి అప్పుడు తెలిసింది. మా అందరి ముఖాలూ చూశారు. మాణెమ్మ చాట తీసుకుని దులిపింది.

ఆయన కుర్చీలో కూర్చుని, నలిగిన విజిల్ తాడు సరిచేసుకున్నారు. "పెంటయ్యా, రాసుకో," అన్నారు.

"ఏమని సార్?"

"బిడ్డ తల్లి దగ్గర ఉన్నాడు. నేను స్వయంగా చూశాను. తల్లిని ఏమీ అడగాల్సిన అవసరం లేదు."

కలం వెతుక్కుని అలాగే రాశాను. ఆ చివరి మాట మా సెక్షన్‌లో పద్ధతిగా నిలబడిపోయింది. ఆ తర్వాత ఏ దేశంనుంచి వచ్చిన బాలింతనూ మేం ఆఫీసుకు పిలవలేదు. పురుడు గడిచాక మేమే ఇంటికి వెళ్లాం. బిడ్డ ఎవరి ఒళ్లో ఊరుకుంటాడో చూసి వచ్చాం.